శునక మార్జాలములందలి కాలేయ రక్తనాళ వైకల్యములు : రోగనిర్ణయ చరిత్ర

ప్రేవులు, ప్లీహము మున్నగు ఉదరావయవములనుండి వచ్చు రక్తమును కాలేయమునకు చేర్పవలసిన నిర్వాహకసిరకు, కాలేయమును దాటించి ఆ రక్తమును మహాసిరలో కలుపు పెడదారి యొకటి పుట్టుకతోనే ఏర్పడి యుండుట కుక్కలలోను పిల్లులలోను కాననగు వైకల్యము. దీనిని వైద్యులు పోర్టోసిస్టమిక్ షంట్ అందురు. యూరియాగా మారవలసిన అమ్మోనియా మారకయే మెదడును చేరుటచేత, ఇట్టి పిల్ల యెదుగక, తూలుచు, గోడకు తల యానించి నిలుచుచు, తుదకు మూర్ఛల పాలగును. పిల్లులలో చొంగ మిక్కుటముగా కారుటయు, కన్నులు రాగివన్నె దాల్చుటయు విశేష చిహ్నములు.

ప్రకృతిసిద్ధమైన యీ దోషము పశువైద్యులకు విశదము గాక పూర్వమే, 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున నికొలాయ్ ఎక్ అను వైద్యుడు కుక్కల నిర్వాహకసిరను మహాసిరతో కలిపి కుట్టి, దానిని కృత్రిమముగా కల్పించెను. అట్టి కుక్కలు మాంసము తినినచో తడబాటునకు, అంధత్వమునకు, మూర్ఛలకు లోనగునని పావ్లోవ్, నెన్‌స్కీ ప్రభృతులు 1893లో ప్రకటించిరి. అయినను, జన్మతః అదే బాధ ననుభవించు పెంపుడు కుక్కలను గూర్చి ఈవింగ్, సూటర్, బెయిలీలు అమెరికాలో సవిస్తరమైన నివేదికను వెలువరించుటకు 1974 వరకు కాలము పట్టెను.

ఆ దినములలో నిశ్చయమైన నిర్ణయమునకు ఉదరమును కోసి, ప్రేవుల సిరలోనికి అయొడిను ద్రావణము నెక్కించి, ఎక్స్‌రే చిత్రములు తీయవలసి యుండెను. మత్తుమందును జీర్ణించుకొనవలసిన కాలేయమే దుర్బలమై యున్న రోగికి ఇది కఠిన పరీక్ష. అందుచే శస్త్రము నంటని మార్గముల నన్వేషింపవలసి వచ్చెను. భోజనమునకు ముందును, పిదప రెండు గంటలకును రక్తములోని పిత్తామ్లములను కొలుచుట కాలేయమున కందని రక్తప్రవాహమును సూచించెను. 1990 ప్రాంతమున రేడియోధార్మిక టెక్నీషియమును పురీషనాళమున నుంచి, అది కాలేయమునకు ముందుగా గుండెను చేరుచున్నదా యని గామా కెమెరాతో పరీక్షించు పద్ధతి వచ్చెను. ఇది పెడదారి కలదనుటను తెలుపును గాని, దాని రూపమును స్పష్టముగా చూపజాలదు. ఆ కొరతను కొంత డాప్లర్ అల్ట్రాసౌండును, పిమ్మట సంపూర్ణప్రాయముగా సి.టి. స్కానును తీర్చినవి.

స్థానము తెలియుట చికిత్సకు మూలము. ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ వంటి పెద్దజాతులలో పెడదారి తరచుగా కాలేయాంతర్గతము. యార్క్‌షైర్ టెరియర్ వంటి చిన్నజాతులలో బహిర్గతమై, శస్త్రమునకు సుగమము. కెయిర్న్ టెరియర్లలో కాననగు సూక్ష్మనాళ వైకల్యము మాత్రము ఏ స్కానునకును చిక్కదు. కాలేయఖండమును సూక్ష్మదర్శినితో పరిశీలించిననే దాని జాడ తెలియును. చిత్రణసాధనము లెంత వృద్ధి చెందినను, ఎదుగని పిల్లను మందమతియని త్రోసిపుచ్చక, తొలుత రక్తపరీక్ష చేయించు వైద్యుని శ్రద్ధయే ఈ నిర్ణయమునకు నేటికిని ప్రథమ సోపానము.