సంగటి ముద్ద, ముసలివాళ్ల పొట్ట

"ప్రీబయోటిక్" అన్న మాట పుట్టింది 1995లో. గ్లెన్ గిబ్సన్, మార్సెల్ రోబర్‌ఫ్రాయిడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు. మనకు అరగకుండా పెద్దపేగు దాకా పోయి, అక్కడుండే మంచి సూక్ష్మజీవులకు మేతయ్యే పదార్థం అది.

మాట కొత్తదేగానీ, అలాంటి తిండి మా బి.కొత్తకోట దిక్కు వాళ్లకు కొత్త కాదు. రాగి సంగటి, ఉలవచారు, అనపగింజల కూర, నంజుకోవడానికి ఎర్రగడ్డ. వాన తక్కువ మెట్టనేలల్లో పండేవి అవే, తినేవీ అవే. వరి అన్నం పండగకో, చుట్టాలొస్తేనో. రాత్రి మిగిలిన సంగటి పొద్దున మజ్జిగలోకి. వండి చల్లారబెట్టిన తిండిలో కొంత పిండిపదార్థం త్వరగా అరగని రూపానికి మారుతుంది. పేగుల్లోని జీవులకు అదీ మేతే.

1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చింది. దాన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఎన్నో ఇళ్లలో ఆకలి తీరింది. రాగులు విసరడం, తెడ్డుతో సంగటి గెలకడం ఎవరి రెక్కల కష్టమో మనకు తెలుసు కదా! పైగా వరి తింటే గొప్ప, సంగటి తింటే బీద అనే చూపొకటి. అలా పళ్లెం తెల్లబడింది. నూరు గ్రాముల రాగుల్లో పీచు సుమారు 11 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు.

ఇందులో ఎక్కువ నష్టపోయింది పెద్దవాళ్లేనని నా అభిప్రాయం. పళ్లు లేవు, అరగదు అని వాళ్లకు మెత్తన్నం, చారు, బిస్కెట్లు పెడతాం. ఐర్లండులో 178 మంది వృద్ధులను పరిశీలించి 2012లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. సంరక్షణ కేంద్రాల్లో ఏళ్లతరబడి ఉండి, రకాలు తక్కువైన తిండి తినేవాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల రకాలూ తక్కువే. నీరసం, బలహీనత కూడా వాళ్లలోనే ఎక్కువ. ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఆ ఒక్కదానితో తేలదు, నిజమే. కానీ ఈ జీవులు పీచును పులియబెట్టినప్పుడు వచ్చే బ్యూటిరేట్ పెద్దపేగు లోపలి పొరకు ముఖ్యమైన ఆహారం. విరోచనం సాఫీగా కావడానికీ, రక్తంలో చక్కెర అదుపుకీ పీచు తోడ్పడుతుంది.

మా అత్తకు సంగటి మళ్లీ మొదలుపెట్టాను, నిమ్మకాయంత ముద్దతో. ఒక్కసారిగా పెంచితే గ్యాసు, ఉబ్బరం. నీళ్లు తాగకపోతే మలబద్ధకం ఇంకా ఎక్కువవుతుంది. షుగరున్నవాళ్లకు రాగి అయినా లెక్క లెక్కే, ముద్ద పెరిగితే చక్కెరా పెరుగుతుంది. మింగడం కష్టమైనవాళ్లకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు డాక్టరునడిగే పెట్టాలి. పక్కన ఊరిబిండి మాత్రం కొంచెం మెత్తగా నూరండి, పళ్లు లేనివాళ్లకు పలుకులు తగలకుండా.