సముద్రం దాటని ద్వీపాంతరం: ఎరుకల స్త్రీలు, సెటిల్మెంట్లు

తిరుపతి చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు నారాయణవనం కథ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ఆకాశరాజు కూతురు పద్మావతిని పెళ్లాడాలని శ్రీనివాసుడికి మనసైంది. నేరుగా పోయి అడగలేక ఎరుకలసాని వేషం కట్టినాడు. గంప పట్టుకోని నారాయణవనం వీధుల్లో ఎరుక చెబుతానని తిరిగినాడు. రాణి ధరణీదేవి లోపలికి పిలిపించి కూచోబెట్టి విన్నది, నమ్మింది. పెళ్లి కుదిరింది. అంత పెద్ద దేవుని పెళ్లి ఒక ఎరుకల ఆడమనిషి మాట మీద నిలబడిందని పురాణమే ఒప్పుకుంటోంది.

ఆ ఎరుకలసానినే తర్వాత చట్టం నేరం చేసే జాతి మనిషిగా రాసుకుంది. అందుకు దారి తీసిన చట్టం మద్రాసు రాజధానికి వచ్చింది 1911లో. చిత్తూరు జిల్లా పుట్టింది కూడా 1911లోనే, ఏప్రిల్ 1న, పాత ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలను కలిపి. జిల్లా పుట్టుక గురించి గెజిటీర్లు రాసినాయి. ఆ చట్టం కింద బతికిన ఆడవాళ్ల గురించి మన చరిత్రకారులు ఎంత రాసినారో పాఠకులే చెప్పాలి.

ఎరుకలవాళ్లు షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నారు గదా, దళిత పత్రికలో వాళ్ల కథ ఎందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టే సిద్ధాంతం ఒక్కటే. అంటరానితనం దానికి ఒక రూపం, నేరస్త జాతి అనే ముద్ర ఇంకో రూపం. 1871లో ఉత్తరాదిలో మొదటి నేరస్త జాతుల చట్టం తెచ్చేటప్పుడు తెల్లదొరలు చూపించిన న్యాయం ఏందంటే - ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగే అవుతాడు, కాబట్టి దొంగతనమే కులవృత్తిగా ఉన్న కులాలు కూడా ఉండే తీరతాయి. మనువు చెప్పిన మాటకు దొరలు చట్టం కుట్టినారు. అంతే తేడా.

అండమానులో ఆడ ఖైదీ

మన కోర్టుల తెలుగులో 'ద్వీపాంతరవాస శిక్ష' అనే మాట చాలాకాలం వాడుకలో ఉండింది. 1860 నాటి శిక్షాస్మృతిలో ఉరి తర్వాత పెద్ద శిక్ష ఇదే. 1955లో చట్టం సవరించి దాని స్థానంలో యావజ్జీవ ఖైదు పెట్టినారు. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ అనే అధికారి రెండు వందల మంది ఖైదీలతో పోర్టుబ్లెయిర్‌లో దిగి ఖైదీల వలస మొదలుపెట్టినాడు. వాళ్లంతా మగవాళ్లు. 1857 తిరుగుబాటులో పట్టుబడినవాళ్లే అందులో ఎక్కువ. ఆ తర్వాత సర్కారుకు ఒక సంగతి తెలిసొచ్చింది. మగవాళ్లను మాత్రమే తెచ్చి పడేస్తే అడవి నరుకుతారు, రోడ్డు వేస్తారు గానీ ఊరు నిలబడదు. ఊరు నిలబడాలంటే ఇల్లు ఉండాలి. ఇల్లు ఉండాలంటే ఆడమనిషి కావాలి.

అట్లా ఆడ ఖైదీలు కాలాపాని దాటినారు. భర్తనో బిడ్డనో చంపిన నేరం మీద పడిన శిక్షలు వీళ్లలో ఎక్కువ. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోగూడదన్నది, గర్భం వస్తే ఆ నింద ఆమె మీదే వేసింది పై కులాల కట్టుబాటు. చంపిన చెయ్యి ఆమెదైనా దాని వెనక ఉన్న కట్టుబాటు ఏ బోనులోనూ నిలబడలేదు.

పోర్టుబ్లెయిర్‌లో వీళ్లను ఆడవాళ్ల జైలులో పెట్టి బట్ట నేయించేవాళ్లు. అయిదేళ్లు గడిచినాక, అధికారుల అనుమతి ఉంటే, సొంతంగా బతకడానికి టికెట్టు పొందిన మగ ఖైదీని పెళ్లాడి బయటి ఊర్లో కాపురం పెట్టొచ్చు. అంటే జైలు గేటు దాటడానికి ఆమెకు దొరికిన పెద్ద తలుపు పెళ్లే. మగ ఖైదీల లెక్కతో పోలిస్తే ఆడవాళ్లు కొద్దిమంది. అయినా దీవిలో కాపురాలకు ఆధారం ఆ కొద్దిమందే. వాళ్ల పిల్లలను సర్కారు 'లోకల్ బార్న్' అని ప్రత్యేకంగా లెక్కపెట్టింది. ఆడమనిషిని తెచ్చింది ఆమె నేరానికి, వాడుకున్నది మగవాడిని కుదురుగా కూచోబెట్టడానికి. ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకుంటే సీమ ఎరుకల ఆడవాళ్ల కథ అర్థమవుతుంది.

ఉప్పు గాడిద నుంచి పోలీసు రిజిస్టరుకు

రైలు రాకముందు రాయలసీమ పల్లెలకు ఉప్పు ఎట్లా వచ్చేది? సముద్రపు ఒడ్డున కొఠార్లలో ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకోని, కనుమలు దాటి తెచ్చినవాళ్లలో ఎరుకలవాళ్లు, కొరచవాళ్లు ముఖ్యులు. పోయేటప్పుడు ఇక్కడి ధాన్యం తీసుకుపోయేవాళ్లు. ఈ వ్యాపారం ఇంటిల్లిపాదీ చేసేది. సరుకు తోలుకొచ్చేదాంట్లో మగవాడు ఎంతో, వీధి వీధి తిరిగి అమ్మేదాంట్లో ఆడమనిషి అంత. మిగతా రోజుల్లో గంపలు, తట్టలు, చాటలు, ఈతాకు చాపలు అల్లి అమ్మేది. సోది చెప్పేది. ఆమె చేతిలో సొంత డబ్బు ఆడేది. ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునే కులం, మారుమనువు తప్పుగాని కులం. కాబట్టి మొగుడితో పొసగకపోతే ఎరుకల ఆడమనిషి విడిపోవచ్చు, మళ్లీ పెళ్లాడొచ్చు. అగ్రహారపు వితంతువుకు లేని దారి ఆమెకు ఉండింది.

ఈ బతుకు ఒక్క దెబ్బతో కూలలేదు. ఉప్పు మీద కంపెనీ సర్కారు 1805లోనే గుత్తాధికారం తీసుకుంది. 19వ శతాబ్దం రెండో సగంలో రైలు సీమలోకి వచ్చింది. వ్యాగన్లలో ఉప్పు దిగితే గాడిద మీద మోసుకొచ్చేవాడి ఉప్పు ఎవరు కొంటారు? 1876-78 కరువు పశువులను, మనుషులను ఊడ్చిపెట్టింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి రిజర్వు హద్దులు గీసింది. నిన్నటి దాకా కొండలో కొట్టుకున్న వెదురు, మేపుకున్న గడ్డి ఫీజు కట్టాల్సిన సరుకులైనాయి. కట్టకపోతే నేరం.

ఎరుకల, కొరచ జనం మీద చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో ఈ వరసను వివరంగా చూపించినారు. వ్యాపారం పోగొట్టినోళ్లే, ఊరూరా తిరుగుతున్నారు కాబట్టి వీళ్లు దొంగలని తేల్చినారు. తిరగడం నిన్నటి దాకా ఉప్పు అమ్మే పద్ధతి. ఇప్పుడది అనుమానానికి కారణం. సోది చెప్పడం కూడా ఇంట్లో ఆనుపానులు చూసి మగవాళ్లకు చేరవేసే ఉపాయమని పోలీసు పుస్తకాలు రాసినాయి. ధరణీదేవి కూచోబెట్టి విన్న ఎరుకను పోలీసులు నేరానికి ముందు చేసే వాకబుగా చదివినారు.

1911 చట్టం ప్రకారం సర్కారు ఒక తెగను నేరస్త జాతిగా నోటిఫై చేస్తే దాన్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించడానికి లేదు. పేరు రిజిస్టరులో ఎక్కించి వేలిముద్రలు తీసుకోవచ్చు. హాజరు వేసుకోమనవచ్చు. ఊరు దాటాలంటే పాసు అడగొచ్చు. మొత్తం జనాన్ని తీసుకపోయి సెటిల్మెంటులో పెట్టొచ్చు. ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడిలో పెట్టొచ్చు. అండమాను పోయిన ఆడమనిషికి కనీసం ఒక విచారణ, ఒక తీర్పు, ఒక శిక్షాకాలం ఉన్నాయి. సెటిల్మెంటుకు పోయిన ఆడమనిషికి ఆ మూడూ లేవు.

సెటిల్మెంటు అనే దీవి

బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913 ప్రాంతంలో ఏర్పడింది. మద్రాసు గవర్నరు కౌన్సిలు మెంబరు హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టి, నడిపే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పజెప్పినారు. బెజవాడ ఎదురుగా కృష్ణ ఒడ్డున సీతానగరంలో ఇంకోటి. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఇంకోటి నడిపింది. కర్నూలు జిల్లా సిద్ధాపురంలో కూడా ఒకటి ఉండింది.

సీతానగరంలో రాళ్లు కొట్టే పని. స్టువర్టుపురంలో వ్యవసాయం నేర్పి కుదురుగా బతికిస్తామన్నారు. ఆ భూమి మీదనే అందరికీ కూడు దొరకలేదు. తర్వాత చీరాలలో ఐ.ఎల్.టి.డి. కంపెనీ పొగాకు ఫ్యాక్టరీ లేస్తే సెటిల్మెంటు జనం అక్కడ కూలీలైనారు. పొగాకు ఈనెలు తీసే పనికి ఆడవాళ్లు, పిల్లలు కావాలి. పాసు లేకుండా కదలలేని కూలీ కన్నా చవకైన కూలీ ఏ కంపెనీకైనా ఎక్కడ దొరుకుతుంది? సంస్కరణ అనే మాటకు ఇక్కడ అసలు అర్థం తెలుస్తుంది. సొంతంగా సరుకు కొని, బేరం చేసి, తన లాభం తాను లెక్కపెట్టుకున్న ఆడమనిషిని కూలి లైనులో నిలబెట్టడమే ఆ సంస్కరణ.

రెండో దెబ్బ పిల్లల మీద పడింది. తల్లి దగ్గర పెరిగితే దొంగబుద్ధి అంటుతుందని మిషనరీల నమ్మకం. పిల్లలను వేరే హాస్టళ్లలో పెట్టినారు. దొంగతనం రక్తంలో ఉందని ఒకపక్క, తల్లి పెంపకంలో ఉందని ఇంకోపక్క. ఏ పక్క చూసినా నింద తల్లికే.

మూడో దెబ్బ పెళ్లి మీద. ఓలిని ఆడపిల్లను అమ్ముకోవడంగా, విడాకులను విచ్చలవిడితనంగా రాసినారు. మొగుడు జైలుకు పోతే ఇంకొకరితో కాపురం పెట్టిన ఆడవాళ్లను చూసి దొరలు ముక్కున వేలేసుకున్నారు. వాళ్లు మోసుకొచ్చిన ఆదర్శం ఇంటిపట్టున ఉండే ఇల్లాలు. పై కులాలవాళ్లదీ అదే ఆదర్శం. పోర్టుబ్లెయిర్ సూత్రమే ఇక్కడా పని చేసింది. ఆడమనిషిని ఇంట్లో కట్టేస్తే మగవాడు ఊర్లో కట్టుబడి ఉంటాడు.

ఇది మేము కష్టపడి కలిపిన పోలిక అనుకుంటారేమో. ఇంగ్లీషు సర్కారే ఆ రెండింటినీ కలిపింది. ఖైదీలను అండమాను పంపడం ఆపేస్తామని 1921లో ప్రకటించినాక, దీవిలో జనం తగ్గిపోతారని కుటుంబాలను తెప్పించే పథకాలు వేసినారు. మలబారు తిరుగుబాటులో శిక్షపడిన మాపిళ్లల భార్యాబిడ్డలను రప్పించినారు. మలబారు కూడా మన మద్రాసు రాజధానిలోని జిల్లానే. 1926లో ఉత్తరాది నేరస్త జాతుల్లో ఒకటైన భాంతూలను ఆడామగా పిల్లలతో సహా తెచ్చి ఫెరార్‌గంజ్ వైపు దింపినారు. వాళ్లను చూసుకునే పని సాల్వేషన్ ఆర్మీదే. స్టువర్టుపురాన్ని నడిపిన సంస్థే అండమానులోనూ సెటిల్మెంటు నడిపింది. జైలు శిక్ష, నేరస్త జాతి, కుటుంబం - మూడూ ఒక్క దీవిలో చేరినాయి.

చట్టం పోయింది, పేరు పోలేదు

మద్రాసులో నేరస్త జాతుల చట్టాన్ని 1947లో రద్దు చేసినారు. దేశమంతటా అది పోయింది 1952 ఆగస్టు 31న. మద్రాసు సర్కారు ఆలోపే, 1948లో, అలవాటుగా నేరాలు చేసేవాళ్ల మీద ఇంకో చట్టం తెచ్చుకుంది. స్టువర్టుపురం పేరు సినిమాలకు ఎక్కింది. 1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' వచ్చింది. 2023లో అక్కడి దొంగ మీద 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. పొగాకు ఈనె తీసిన ఆడమనిషి మీద సినిమా రాలేదు. స్టువర్టుపురం ఆడవాళ్లను మనుషులుగా పలకరించి, వాళ్ల పిల్లల కోసం పనిచేసినవాళ్లలో మహాకవి గుర్రం జాషువ కూతురు హేమలతా లవణం ఒకరని ఇక్కడ తలుచుకోవాలి. అంటరానితనాన్ని అనుభవించిన ఇంటి బిడ్డకు ఆ ముద్ర బరువు ఎవరూ నేర్పక్కర్లేదు.

1992 ఆగస్టులో బెంగాల్‌లో చూనీ కోటాల్ ఆత్మహత్య చేసుకుంది. ఒకప్పుడు నేరస్త జాతిగా ముద్రపడిన లోధా శబరుల్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల ఆమె. యూనివర్సిటీలో పై చదువుకు పోతే నేరస్త జాతిదానివంటూ అవమానించిన సంగతి అప్పుడు దేశమంతా విన్నది. చట్టం రద్దై నలభై ఏళ్లయినాక అది ఒక క్లాసురూంలో మళ్లీ అమలైంది. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటి వాళ్లం ఆ వార్తను పరాయి వార్తగా చదవలేము.

అండమాను చరిత్ర అంటే మనకు సెల్యులార్ జైలు, అందులోని దేశభక్తులు. ఎరుకల చరిత్ర అంటే దొంగలు, పోలీసులు. రెండు కథల్లోనూ నాయకుడు మగవాడే. దీవిలో బట్ట నేసి కాపురం నిలబెట్టినదీ, సెటిల్మెంటులో కూలి చేసి పిల్లలను పోగొట్టుకున్నదీ ఆడమనిషి. ఆమెను కథ మధ్యలోకి తెస్తే తప్ప సంస్కరణ పేరుతో జరిగింది ఏమిటో తేలదు.

నారాయణవనంలో కల్యాణం ఏటా జరుగుతూనే ఉంది. దేవుడు ఎరుకలసాని వేషం వేసిన సంగతి భక్తిగా చెప్పుకుంటారు. వేషానికి దొరికిన గౌరవం మనిషికి ఎప్పుడు దొరుకుతుందని అడగడం దళిత చరిత్ర రచన పని. ఎరుకలవాడల్లో ముసలి అవ్వల జ్ఞాపకాలు ఇంకా బతికే ఉన్నాయి. ఆ అవ్వలు పోకముందే పోయి కూచోని వినాలి. ఒకప్పుడు ధరణీదేవి విన్నట్టు.