పాత వానల లెక్కలు

ప్రతి సాయంకాలం వార్తల చివర మేము వాతావరణ సూచన చదువుతాము. మరునాటికి ఆ కాగితం ప్రసారానికి పనికిరాదు, చెత్తబుట్టకు చేరుతుంది. అందులో తప్పేమీ లేదు. రాబోయే వానను గురించి చెప్పిన మాటకు ఆయుష్షు ఒక్క దినమే. కాని కురిసిన వానను కొలిచి వ్రాసిన అంకె సంగతి వేరు. ఏళ్లు గడిచిన కొద్దీ దాని విలువ పెరుగుతుంది. ఈ భేదాన్ని మరచిపోతే కలిగే నష్టాన్ని గురించి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని, శ్రోతలకు కొంత మనవి చేస్తాము.

మన దేశంలో వాతావరణాన్ని క్రమంగా కొలిచి వ్రాసి ఉంచడం మద్రాసు నక్షత్రశాలలో 18వ శతాబ్దం చివరనే ఆరంభమయింది. 1864లో ఒక తుఫాను కలకత్తాను, మరొకటి మచిలీపట్నాన్ని ధ్వంసం చేశాయి. 1866లోను, 1871లోను వర్షాలు ముఖం చాటువేశాయి. ఈ దెబ్బల ఫలితంగానే 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

1904లో ఆ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్టు వాకరు గొప్ప గణితవేత్త. రుతుపవనాల రహస్యం ఛేదించడానికి ఆయన నమ్ముకొన్న సాధనం పాత లెక్కలే. అనేక దేశాల వాయుపీడనాన్ని, వర్షపాతాన్ని, నైలు నది వరదలను సైతం పక్కపక్కన పేర్చి పరిశీలించారు. పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీది వాయుపీడనం త్రాసు సిబ్బెలవలె, ఒకవైపు హెచ్చితే రెండవవైపు తగ్గుతుందని 1920 దశకంలో వెల్లడించారు. నేడు మన వానల సూచనలో ఎల్ నినో ప్రస్తావన రావడానికి ఆ పరిశోధన ఒక పునాది. వాకరుకు ముందు ఆ అంకెలు వ్రాసినవారికి అవి ఇందుకు ఉపకరిస్తాయని తెలియదు. ముప్పది ఏళ్లు దాటినవన్నీ చించివేయండని ఎవరైనా ఆజ్ఞాపించి ఉంటే ఆయన పని ఆనాడే ఆగిపోయేది.

ఇక మన ప్రాంతానికి వద్దాము. జగిత్యాల, సిరిసిల్లలు పూర్వం కరీంనగరం జిల్లాలో తాలూకా కేంద్రాలు. నిజాం కాలంలో సర్కారీ లెక్కలు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాలతో సాగేవి. ఫసలీ అంకెకు 590 కలిపితే ఇంచుమించు క్రీస్తు శకం వస్తుంది. వాన కొలత అంగుళాలలో ఉండేది. తరువాత క్రీస్తు శకం వచ్చింది, మిల్లీమీటర్లు వచ్చాయి, 1985లో మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న జగిత్యాల, సిరిసిల్లలు రెండును వేర్వేరు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. భాష మారింది, కొలత మారింది, జిల్లా పేరు మారింది. ఐనా పుస్తకం మిగిలినచోట పాత వానను నేటి వానతో పోల్చడం కష్టమే గాని అసాధ్యం కాదు.

ఈ శతాబ్దంలో మనిషి స్థానంలో యంత్రం నిలిచింది. తెలంగాణ మండలాలలో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలు ఏర్పడ్డాయి. ఒక కేంద్రం పావుగంటకొక కొలత పంపిందనుకొందాము. దినానికి 96, ఏడాదికి 35,040 కొలతలు అవుతాయి. వెయ్యి కేంద్రాలకు మూడున్నర కోట్లు! ఇంత సమాచారం చేరేసరికి కంప్యూటరు నిదానిస్తుంది, ఖర్చు పెరుగుతుంది. అప్పుడు దానిని నడిపేవారికి ఒక సులభోపాయం తోస్తుంది: ఇన్ని దినాలు దాటినవాటిని తనంతట తానే తుడిచివేయమని యంత్రానికి ఒక ఆజ్ఞ వ్రాసి పెట్టడం. ఆ ఆజ్ఞ రాత్రివేళ నిశ్శబ్దంగా అమలవుతుంది. పాత పుస్తకానికి చెదపడితే కంటికి కనిపిస్తుంది. ఇక్కడ అదీ కనిపించదు.

దినానికొక మొత్తం ఉంచుకొని మిగిలినవి తీసివేస్తే సరిపోదా అని అడుగవచ్చు. చాలా పనులకు సరిపోతుంది. కాని పది సెంటీమీటర్ల వాన పగలంతా కురిసినా, రెండు గంటలలో కురిసినా దినపు మొత్తం ఒకటే. ఊరి కాలువకు మాత్రం ఆ రెండును ఒకటి కావు. 2021 సెప్టెంబరు మొదటి వారంలో సిరిసిల్ల వీధులు జలమయమయ్యాయి. మరమగ్గాల మీద బ్రతికే ఆ పట్టణంలో ఇంట నీరు నిలిస్తే ఆ దినపు అన్నమే ఆగిపోతుంది. ఎంత వెడల్పు కాలువ త్రవ్వాలో నిర్ణయించే ఇంజనీరుకు ఏ గంటలో ఎంత కురిసిందో తెలిసితీరాలి.

గోదావరి వెంట ఇంకొంత దిగువకు పోతే మరొక నిదర్శనం కనిపిస్తుంది. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్ల వర్షం కురిసింది. రాష్ట్రంలో అంతకు ముందెన్నడూ అంత కురియలేదని చెప్పగలిగాము. ఎట్లా చెప్పగలిగాము? 2013 జూలై 19న వాజేడులో కురిసిన 51.75 సెంటీమీటర్ల లెక్క పదేళ్లపాటు భద్రంగా ఉన్నది కనుక. ఐదేళ్లకే తుడిచివేసే నియమం ఉంటే ఆ పోలికకు ఆధారమే ఉండేది కాదు.

దేశానికి సగటు వర్షపాతం కట్టడానికి వాతావరణ శాఖ 1971 నుండి 2020 వరకు ఏబది ఏళ్ల లెక్కలను తీసుకొన్నది. జగిత్యాల మామిడి పూతకు ఏ చలి అనుకూలమో, కోరుట్ల పసుపు పంటకు ఏ వాన చేటో నిర్ణయించడానికి కూడా పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానం వంటి సంస్థలకు పాత లెక్కలు కావాలి.

తుడవవద్దని మేము అనడం లేదు. ఒకే కొలత రెండుమార్లు చేరి ఉంటే, లేదా యంత్రం పాడై అసంబద్ధమైన అంకె పంపి ఉంటే, దానిని వేరుచేయవలసినదే. ఐతే తుడిచే ముందు గంటల మొత్తాలను, భారీ వర్షం కురిసిన దినాల పావుగంట కొలతలను ప్రత్యేకంగా భద్రపరచాలి. రెండు వేర్వేరు చోట్ల నకళ్లు ఉంచి, అవి తెరుచుకొంటున్నవో లేదో పరీక్షించాలి. కేంద్రం ఎక్కడ నుండి ఎక్కడికి మారినదీ, జిల్లా పేరు ఎప్పుడు మారినదీ వ్రాసి ఉంచాలి. లేకుంటే పాత పేరున ఉన్న కేంద్రం మూతపడినదని భ్రమించి యంత్రం దాని చరిత్రనంతా తుడిచివేయగలదు. చివరి అనుమతి ఒక బాధ్యతగల మనిషి చేతిలో ఉండాలి.

ఎండిన చెరువు మళ్లీ నిండవచ్చు. నిరుడు కురిసిన వానను మళ్లీ కురిపించి కొలవడం మాత్రం ఎవరి తరమూ కాదు.