ఇరవై ఒక్క రోజులు

మా ఇంట్లో ఎప్పుడూ కోడి లేదు. వాన లేని ఏడు ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో మాలాంటోళ్లు ఇండ్లకు తాళమేసి గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోతారు. తాళమేసిన ఇంట్లో కోడికి గింజలెవరేస్తారు? నేను టీచరునయినా అక్కావాళ్లకు సుగ్గి తప్పలేదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చేసరికి వాళ్లు ఆడనే చిక్కుకున్నారు.

ఇరవై ఒక్క రోజులన్నారు. అమ్మ పక్కింట్లో పొదుగుకొచ్చిన పెట్టను కొని, 11 గుడ్లు పొదిగేసింది.

"గుడ్డు పిల్లయ్యేదీ ఇరవై ఒక్క రోజులకే నాయనా. అప్పటికి మీ యక్క వస్తాది."

ఏప్రిల్ 14న పొద్దున లాక్‌డౌన్ మే 3 దాకా పెంచినారు. రాత్రికి పెంకులు చిట్లినాయి. అక్క రాలేదు.

ఆలస్యంగా వచ్చిన అక్క మర్సటేడు మళ్లీ పోయింది. పిల్లల్ని మాత్రం అమ్మ పోనియ్యలేదు. కోళ్లకు గింజలెయ్యాల గదా అన్నది. బడి తెరిచినాక వాళ్లు నా తరగతిలో కూచున్నారు.