వాకిట్లో ఆడపిల్లల ఇల్లు

మా వి.కోటలో తొక్కుడుబిళ్ళ అంటాం. సరిహద్దు దాటి కె.జి.ఎఫ్. వైపు వెళ్తే అదే ఆట కుంటెబిల్లె. ఘాటు దిగి పేర్ణాంబట్టు చేరితే పాండి. పేరు ఏదైనా కావలసింది నేల మీద నాలుగు గీతలు, చేతిలో ఒక పెంకుముక్క.

ఒకప్పుడు నాటు పెంకు, పగిలిన కుండపెంకు బిళ్ళలయ్యేవి. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక, మనం బెంగుళూరు పెంకు అనేది ఊరూరికీ వచ్చింది. దాని ముక్కను బండమీద అరగదీస్తే చక్కటి బిళ్ళ తయారయ్యేది.

ఈ అరగదీయడం ఎంత పాతదో తెలుసా? మదురై దగ్గర కీళడి తవ్వకాల్లో గుండ్రంగా అరగదీసిన కుండపెంకులు చాలా దొరికాయి. తమిళనాడు పురావస్తు శాఖ వాటిని తొక్కుడుబిళ్ళలుగానే లెక్క రాసింది. ఇలాంటివి మూతలో, తూకాలో కావచ్చనే వాళ్ళూ ఉన్నారు. ఆ ఊరు రెండు వేల ఏళ్ళకు పైబడినది.

బిళ్ళ ఆటలు ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. ఇటలీ పల్లెల్లో రూజోలా అని ఒకటి. చెక్కబిళ్ళకు తాడు చుట్టి విసిరితే దారి వెంట దొర్లుకుంటూ పోతుంది. తక్కువ విసుర్లలో గమ్యం చేర్చినవాళ్ళదే గెలుపు. ముదిరిన గొర్రెపాల చీజ్ చక్రంతో కూడా ఆడేవాళ్ళు. అది ఎక్కువగా పెద్ద మగవాళ్ళ ఆట. ఇవాళ దానికి జాతీయ సమాఖ్య ఉంది, పోటీలున్నాయి.

మనకూ అంతే కదా! కోడిపందెం పల్నాటి చరిత్రకెక్కింది. ఆడపిల్ల ఆట మాత్రం పెద్దమనిషి అయిన రోజే ఆగిపోయేది. చెల్లెలు చూసి నేర్చుకుంటే సరే, లేకపోతే లేదు. రాసిపెట్టిన వాళ్ళు తక్కువ.

కానీ ఆ ఆటలో ఒక నియమం చూడండి. అన్ని గడులూ గెలిచిన పిల్ల వెనక్కి తిరిగి నిలబడి, తలమీదుగా బిళ్ళ వేస్తుంది. అది పడిన గడి ఆమె ఇల్లు. మిగతావాళ్ళు దాన్ని తొక్కకుండా దూకాలి. ఆమె మాత్రం రెండు కాళ్ళూ మోపి నిలబడొచ్చు.

పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే చట్టం మన రాష్ట్రంలో 1986లో వచ్చింది. దేశమంతా కూతుళ్ళందరికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. వాకిట్లో మాత్రం ఆడపిల్లలు తమకో ఇల్లు ఏనాడో గీసుకున్నారు.