ఊరి పేరా, మనిషి పేరా?

ఖతర్ దేశం, దోహా నగరంలోని అల్ తుమామా నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం పేర్ల గురించి నాలుగు కబుర్లు చెప్పుకుందాం.

ముందు మా పేట పేరే తీసుకుంటాను. 2022లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ చూసినవాళ్ళకి ఈ పేరు గుర్తుండే ఉంటుంది. అరబ్బు మగవాళ్ళు తలగుడ్డ కింద పెట్టుకునే అల్లిక టోపీని గహ్‌ఫియా అంటారు. ఆ టోపీ ఆకారంలో కట్టిన స్టేడియం ఇక్కడే ఉంది. దాన్ని గీసింది ఇబ్రహీం జైదా అనే ఖతరీ ఆర్కిటెక్టు. 2021 అక్టోబరు 22న తెరిచారు. మరుసటి ఏడాది డిసెంబరు 10న మొరాకో జట్టు పోర్చుగల్‌ని 1-0తో ఓడించి, సెమీఫైనల్‌కి చేరిన మొట్టమొదటి ఆఫ్రికా జట్టు అయింది ఇందులోనే.

ఇంతకీ తుమామా అంటే ఏమిటి? ఒక గడ్డి! ఇసుక నేలల్లో కుదుళ్ళు కుదుళ్ళుగా పెరిగే మొండి గడ్డి. ఒంటెలు మేస్తాయి. అది మొలిచిన చోటల్లా ఆ పేరే పుట్టే అవకాశం ఉంది కదా. సౌదీలో రియాద్ దగ్గర ఇంకో తుమామా ఉంది, అక్కడివాళ్ళు సెలవురోజున ఎడారి గాలికి వెళ్ళే చోటు. మన దగ్గర తాడిచెట్లున్న చోట తాడేపల్లి, తుమ్మచెట్లున్న చోట తుమ్మలపల్లి వెలిసినట్టే.

తమాషా ఏమిటంటే, ఇది మనుషుల పేరు కూడా. ఏడో శతాబ్దంలో యమామా ప్రాంతపు బనూ హనీఫా తెగకు నాయకుడు తుమామా ఇబ్న్ ఉథాల్. బందీగా మదీనాకి తెచ్చి మసీదు స్తంభానికి కట్టేశారట. ప్రవక్త పరిహారమేమీ అడక్కుండా విడిపిస్తే, ఆయన ఇస్లాం స్వీకరించాడు. తర్వాత తన ప్రాంతం నుంచి మక్కాకి ధాన్యం వెళ్ళకుండా ఆపేస్తే, మళ్ళీ ప్రవక్త చెప్పాకే వదిలాడని సంప్రదాయ గ్రంథాలు చెబుతాయి. రెండు శతాబ్దాల తర్వాత బాగ్దాదులో ఖలీఫా మామూన్ కొలువులో ఇంకో తుమామా ఉండేవాడు, తుమామా ఇబ్న్ అష్రస్ అనే తార్కికుడు. ఒక గడ్డిపరక పేరు తెగ నాయకుడికీ, తార్కికుడికీ, ఫుట్‌బాల్ మైదానానికీ సరిపోయింది!

ఇక మనవైపు వద్దాం. ఒకే పేరున్న ఊళ్ళనగానే అందరూ హైదరాబాదు చెబుతారు. మనది 1591లో కులీ కుతుబ్ షా కట్టించింది, సింధులోది 1768లో గులాం షా కల్హోరా కట్టించింది. అది అందరికీ తెలిసిన కథే కనుక వదిలేస్తాను. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది శ్రీకాకుళం.

మా అక్కయ్య కూతురు ఇక్కడ తెలుగు తరగతికి శ్రీకృష్ణదేవరాయల మీద చార్టు తయారుచేసింది. కళింగ దండయాత్రకి వెళుతూ రాయలవారు శ్రీకాకుళంలో ఆగడం, ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమనడం, అలా ఆముక్తమాల్యద పుట్టడం, అన్నీ బాగానే రాసింది. పక్కన అరసవల్లి సూర్యదేవాలయం బొమ్మ అంటించింది! పాపం, కళింగం అంటే ఉత్తరాంధ్రే కదా, అక్కడో శ్రీకాకుళం ఉండనే ఉంది, పిల్ల తప్పేముంది? కానీ రాయలవారు ఆగిన శ్రీకాకుళం కృష్ణా జిల్లాలో, ఘంటసాల మండలంలో ఉన్న పల్లె. ఈ రెంటి మధ్య నాలుగు వందల కిలోమీటర్లు పైమాటే. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో నిలదీసింది కూడా ఈ పల్లె దేవుణ్ణే. ఉత్తరాన ఉన్నదాన్ని ఇంగ్లీషువాళ్ళు చికాకోల్ అనేవారు. అది సన్నని మస్లిన్ బట్టకి పేరుపడ్డ ఊరు. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి జిల్లా అయింది. జిల్లా అయిన ఊరు అందరి నోళ్ళలో నానింది, కావ్యం పుట్టిన ఊరు వెనక్కి పోయింది. పేరు పంచుకున్నవాళ్ళలో చిన్నవాడికి ఎప్పుడూ ఈ బాధ తప్పదు.

అదే మండలంలోని ఘంటసాల అనగానే మీ చెవుల్లో ఏం మోగింది? పాటే కదా! గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న పుట్టింది మాత్రం గుడివాడ దగ్గర చౌటపల్లిలో. ఘంటసాల ఆయన ఇంటిపేరు. ఆ ఊరు ఆయనకంటే చాలా పాతది. బౌద్ధ స్తూపం ఉన్న ఓడరేవు, గ్రీకు భూగోళ రచయిత టాలెమీ కొంటకోస్సిల అని రాసుకున్న రేవు ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. రోము నాణేల కాలపు రేవు పేరు పెళ్ళి పందిళ్ళ మైకుల్లోంచి మనకి చేరింది.

మన ఇంటిపేర్లలో చాలా భాగం ఇలా ఊళ్ళే. కందుకూరు నుంచి కందుకూరి, తంగుటూరు నుంచి తంగుటూరి. అరబ్బులూ ఊరి పేరు చివర ఒక ‘ఈ’ చేర్చి మనిషిని పిలుస్తారు. ఖ్వారిజ్మ్ నుంచి వచ్చినవాడు ఖ్వారిజ్మీ, బుఖారా వాడు బుఖారీ. రెండు భాషలకీ చుట్టరికం లేదు, అలవాటు మాత్రం ఒకటే. ఈ సంగతి ఇక్కడ నాతో పనిచేసే అరబ్బు మిత్రులకి చెబితే చాలా సంతోషించారు.

తంగుటూరి ప్రకాశం పంతులుగారిది మరీ విచిత్రం. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. ఇంటిపేరు ఊరిది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు, 1957లో పోయారు. 1970లో ఏర్పడ్డ ఒంగోలు జిల్లాకి 1972లో ఆయన పేరు పెట్టారు. ఆ జిల్లాలోనే తంగుటూరు ఉంది! ఊరు మనిషికి పేరిస్తే, మనిషి ఆ ఊరున్న జిల్లాకి పేరిచ్చాడు. అప్పు వడ్డీతో సహా తీరింది. (హైదరాబాదు పక్కన శంకరపల్లి వైపు ఇంకో తంగుటూరు ఉంది. దానికీ ఈ కథకీ సంబంధం లేదు.) అందరికీ ఇలా కుదరదు. 2022లో జిల్లాలు విడదీసి విజయవాడ వైపు ఎన్టీఆర్ జిల్లా చేశారు, ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది.

ఇదంతా కాలక్షేపం కబురేనా అని మీరు అడగవచ్చు. కొన్నేళ్ళ క్రితం మా పేటలో ఇద్దరు శ్రీనివాసరావులు ఉండేవారు. ఇద్దరి తండ్రుల పేర్లూ సుబ్బారావే. ఇంటిపేర్లు వేరు గానీ కార్డుల మీద ఇద్దరివీ లేవు, దేశంలో ఉన్నప్పుడు ఒక్క అక్షరంగా ముందు ఉండేవి కాస్తా కాగితాలు మారడంలో రాలిపోయాయి. ఒక క్లినిక్కులో రక్తపరీక్ష రిపోర్టులు తారుమారయ్యాయి. షుగరు లేనాయన పది రోజులు షుగరు మాత్రలు మింగి, ఒకనాడు పనిలో కళ్ళు తిరిగి పడిపోయాడు. ఉన్నాయన మిఠాయి తింటూ నిశ్చింతగా ఉన్నాడు. దేవుడి దయవల్ల ఇద్దరూ బాగానే ఉన్నారు. పైగా 2022 నవంబరులో యుఎఇ, పాస్‌పోర్టులో ఒకే పేరుండి ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న సందర్శకులని రానివ్వమంది. తర్వాత తండ్రి పేరు రెండో పేజీలో ఉంటే చాలని సడలించారు గానీ, ఆ వారం విమానం టికెట్లు చేతిలో పెట్టుకుని ఎంతమంది మనవాళ్ళు ఫోన్లు చేసుకున్నారో!

ఇక్కడి పిల్లల్ని నేను తరచు రెండు ప్రశ్నలు అడుగుతుంటాను. మీ ఇంటిపేరు ఏమిటి? అది ఏ ఊరు? మొదటిదానికి సగంమంది చెబుతారు. రెండోదానికి అమ్మానాన్నల మొహం చూస్తారు, అమ్మానాన్నలు తాతగారికి ఫోను చేస్తారు. తాతగారు మాత్రం గంటసేపు చెబుతారు. ఆ ఊరి పేరుతో ఇంకెక్కడెక్కడ ఊళ్ళున్నాయో, మనది వాటిలో ఏదో, ఏ కరువులో ఎందుకు బయల్దేరామో. మీ తాతగార్లు చెప్పిన సంగతులు మా కార్యక్రమానికి రాసి పంపండి. వచ్చే నెల వాటిలో కొన్ని చదివి వినిపిస్తాను.