యాప్యం నుండి ఇన్‌హేలర్ దాకా: కోనసీమ నేపథ్యంలో ఉబ్బస చికిత్సాచరిత్ర

వ్యాససంగ్రహం

ఉబ్బసం ప్రాచీనకాలం నుండి తెలిసిన వ్యాధి. దీనిని సమూలంగా తొలగించాలన్న ఆశ, అదుపులో ఉంచుకొని జీవించాలన్న వివేకం రెండూ దీని చరిత్రలో మొదటి నుండి కలిసే నడిచాయి. ఆయుర్వేదం ఈ వ్యాధిని యాప్యంగా గుర్తించింది. వలసపాలన కాలపు వైద్యం ఉమ్మెత్త పొగను ఐరోపాకు చేర్చింది. ఇరవయ్యవ శతాబ్దం పీల్చే మందులను తెచ్చింది. ఈ మూడు దశలను కోనసీమ నేల, నీరు, గాలి, జీవనోపాధుల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. నేటి ఉబ్బస మరణాల వెనుక మందుల కొరతతో పాటు వ్యాధిస్వభావాన్ని అర్థం చేసుకోవడంలోని లోపం కూడా ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉబ్బసం, తమకశ్వాస, యాప్యం, కోనసీమ, ఉమ్మెత్త, చేప ప్రసాదం, ఇన్‌హేలర్.

1. ఉపోద్ఘాతం

కోస్తా జిల్లాలలో ఉబ్బసం, ఆయాసం అనీ, తెలంగాణలో దమ్ము అనీ పిలిచే ఈ వ్యాధికి ఒక ప్రత్యేకత ఉంది. రోగి రాత్రి ఊపిరి అందక మంచం మీద కూర్చుని తెల్లవార్లూ గడిపినా, పగటిపూట అందరిలాగే పనికి వెళ్లగలడు. అందువల్ల చుట్టుపక్కలవారికి ఇది ఒక జబ్బుగా కాక, వచ్చిపోయే ఒక అవస్థగా కనిపిస్తుంది. శ్వాసనాళాల లోపలి పొర నిరంతరం వాచి ఉండటం, దుమ్ము, పొగ, చలి వంటివి తగిలినప్పుడు నాళాలు బిగుసుకోవడం, కఫం అడ్డుపడి పిల్లికూతలు వినిపించడం నేటి వైద్యం చెప్పే క్రమం. కూతలు ఆగినంత మాత్రాన వాపు పోదు. ఈ ఒక్క విషయాన్ని ఏ కాలం ఎంతవరకు గుర్తించింది అన్న ప్రశ్న చుట్టూ ఉబ్బస చికిత్సాచరిత్రను చదవవచ్చు.

2. ప్రాచీన వైద్యంలో తమకశ్వాస

చరకసంహిత చికిత్సాస్థానంలోని హిక్కాశ్వాస చికిత్సాధ్యాయం శ్వాసరోగాలను మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస అని ఐదుగా విభజించింది. వీటిలో తమకశ్వాస లక్షణాలు నేటి ఉబ్బసానికి చాలా దగ్గరగా ఉన్నాయి. గొంతులో గురగుర శబ్దం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, కూర్చుంటే కొంత ఊరట, కఫం తెగి పడితే ఉపశమనం, వేడి వస్తువుల పట్ల ఇష్టం ఇందులో చెప్పబడ్డాయి. శ్వాసరోగాలకు కారణాలను చెప్పేచోట దుమ్ము, పొగ, గాలి, చల్లని చోటు, చల్లని నీరు పేర్కొనబడ్డాయి. మబ్బు పట్టినప్పుడు, వాన కురిసినప్పుడు, తూర్పుగాలి వీచినప్పుడు తమకం పెరుగుతుందని కూడా ఆ గ్రంథం చెబుతుంది. కోనసీమలో వర్షాకాలపు రాత్రులు గడిపిన ఉబ్బస రోగికి ఈ వర్ణన కొత్తగా అనిపించదు.

లక్షణాల కంటే ముఖ్యమైనది సాధ్యాసాధ్య విచారం. తమకశ్వాస కొత్తగా పుట్టినప్పుడు సాధ్యం కావచ్చునని, లేనిచో అది యాప్యమని చరకసంహిత నిర్ణయించింది. యాప్యమంటే పూర్తిగా నయం కానిది, అయితే చికిత్స కొనసాగినంతకాలం అదుపులో ఉండేది. సుశ్రుతసంహిత సూత్రస్థానం యాప్యరోగిని పడిపోనున్న ఇంటితోనూ, చికిత్సను దానికి సరిగా పెట్టిన ఊతకొయ్యతోనూ పోల్చింది. కొయ్య ఉన్నంతకాలం ఇల్లు నిలుస్తుంది. ఇల్లు నిలిచింది కదా అని కొయ్య తీసివేస్తే కూలుతుంది. నిత్యచికిత్స అవసరాన్ని దీనికంటే సూటిగా చెప్పడం కష్టం.

ఇతర నాగరికతలలోనూ ఇటువంటి వివేకం కనిపిస్తుంది. పన్నెండవ శతాబ్ది చివరలో ఈజిప్టులో మైమోనిడెస్ ఉబ్బసంపై రాసిన గ్రంథం ఒక్క మందుపై ఆధారపడక ఆహారం, నిద్ర, గాలి, మనఃస్థితి వంటి దినచర్యాంశాలకు ప్రాధాన్యమిచ్చింది. 1552లో ఇటలీ వైద్యుడు కార్డానో స్కాట్లాండ్ ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్‌కు చికిత్స చేస్తూ ఈకల పరుపును తొలగింపజేశాడు. అలర్జీ అన్న మాట పుట్టడానికి మూడున్నర శతాబ్దాల ముందే ఒక వైద్యుడు రోగి పడకను అనుమానించాడన్నది గమనార్హం.

3. మద్రాసు నుండి ఐరోపాకు: ఉమ్మెత్త పొగ

గోదావరి మండలం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న కాలంలో ఉబ్బస చికిత్సాచరిత్ర ఒక ముఖ్యమైన మలుపు తిరిగింది. ఉమ్మెత్త వేరునూ కాడనూ ఎండబెట్టి పొగ పీల్చే దేశీయ పద్ధతిని మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ప్రధాన వైద్యుడిగా ఉన్న జేమ్స్ ఆండర్సన్ గమనించి ప్రోత్సహించాడు. 1802 ప్రాంతంలో జనరల్ జెంట్ అనే సైనికాధికారి ద్వారా ఈ సంగతి ఎడింబరో వైద్యుడు సిమ్స్‌కు చేరింది. పందొమ్మిదవ శతాబ్దమంతా ఐరోపా, అమెరికాలలో ఉమ్మెత్త జాతి ఆకులతో చేసిన ఉబ్బసపు సిగరెట్లు, పొగచూర్ణాలు విరివిగా అమ్ముడయ్యాయి. 1868లో వేరింగ్ సంపాదకత్వంలో వెలువడిన భారత ఔషధసంహిత, మరుసటి ఏడాది మద్రాసు వైద్యుడు మొహిదీన్ షరీఫ్ దానికి చేర్చిన అనుబంధం దేశీయ మూలికలను అధికారిక వైద్యం పరిధిలోకి తెచ్చాయి.

ఉమ్మెత్త పొగలోని అట్రోపిన్ శ్వాసనాళాల బిగువును సడలిస్తుంది. అదే మొక్క మోతాదు మించితే మతిభ్రమ, ప్రాణాపాయం కలిగిస్తుంది. పైగా పొగ తనంతట తానే ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఆ వర్గపు రసాయనం నుండే ఇరవయ్యవ శతాబ్దంలో ఇప్రాట్రోపియం అనే సురక్షితమైన పీల్చే మందు రూపొందింది. పెరటి కంచెలలో పెరిగే అడ్డసరం ఆకులోని వాసిసిన్ ఆధారంగా 1960వ దశకంలో కఫాన్ని పలుచన చేసే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. ఈ రెండింటినీ చూస్తే దేశీయ జ్ఞానాన్ని పూర్తిగా త్రోసిపుచ్చడం గానీ, మూలికను ఉన్నదున్నట్టుగా వాడమనడం గానీ చరిత్రకు సరిపడని వైఖరులని తెలుస్తుంది.

అయితే వలసపాలనలోని ప్రజారోగ్య వ్యవస్థ దృష్టి అంతా అంటువ్యాధులపైనే ఉండేది. మరణాల నమోదులో కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, శ్వాసరోగాలు వంటి విస్తృత వర్గాలే ఉండేవి. ఉబ్బసానికి ప్రత్యేక స్థానం లేదు. లెక్కలో లేని వ్యాధికి విధానమూ ఏర్పడదు. ఆనాడు ఉబ్బస రోగి సర్కారుకు కనిపించకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

4. కోనసీమ: నేల, నీరు, గాలి

గౌతమీ వసిష్ఠ పాయల మధ్య ఏర్పడిన కోనసీమకు 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద నిర్మించిన ఆనకట్ట కొత్త రూపమిచ్చింది. కొత్తపేట, అమలాపురం ప్రాంతాలకు కాలువలు వచ్చాయి. వైనతేయ పాయపై కట్టిన గన్నవరం అక్విడక్టు ద్వారా రాజోలు వైపు లంకభూములకు నీరు అందింది. వరి, కొబ్బరి, అరటి కలిసిన ఈ పచ్చదనం సంపదతో పాటు ఏడాది పొడవునా తేమను కూడా ఇచ్చింది. 1960వ దశకంలో డచ్ శాస్త్రజ్ఞుడు వూర్హోర్స్ట్, అతని సహచరులు ఇంటి దుమ్ములోని అతిసూక్ష్మ పురుగులు ఉబ్బసానికి ప్రధాన కారకాలలో ఒకటని నిరూపించారు. ఈ పురుగులకు కావలసింది తేమగాలి, దూది పరుపులు. గోదావరి వరదల తరువాత, 1996 నవంబరు 6 నాటి తుపాను వంటి విపత్తుల తరువాత చెమ్మగిల్లిన గోడలపై పట్టే బూజు కూడా ఇదే కోవలోనిది.

జీవనోపాధుల పాత్ర దీనికి తోడవుతుంది. కొబ్బరి పీచు తీసే యూనిట్లలో లేచే పొట్టు, ధాన్యం మరపట్టే మిల్లుల ఊకదుమ్ము, కోతల అనంతరం తగలబెట్టే గడ్డి పొగ ఊపిరితిత్తులకు పరీక్షలే. పీచు పనిలో స్త్రీల శ్రమ ఎక్కువ. పగలంతా పొట్టులో పనిచేసిన స్త్రీయే సాయంత్రం కొబ్బరి మట్టలు, డొక్కలు, పిడకలతో పొయ్యి రాజేసేది. ఆ పొగను తగ్గించడంలో 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన దీపం పథకం, 2016 నాటి ఉజ్వల యోజన మైలురాళ్లు. అయితే గ్యాస్ పొయ్యి ఉన్న ఇంటిలో కూడా స్నానాల నీళ్లకు పెరటిలో కట్టెలపొయ్యి వెలిగితే రోగికి కలిగే మేలు తగ్గుతుంది. భోగినాటి తెల్లవారుజామున మంచుతో కలిసి కమ్ముకునే పొగ కూడా ఉబ్బస రోగులకు గడ్డుకాలమే. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో చెలరేగిన మంటలు రెండు నెలలకు పైగా మండాయి. చమురు, సహజవాయువుల వెలికితీత తెచ్చిన కొత్త పర్యావరణ ఆందోళనకు ఆ సంఘటన గుర్తుగా నిలిచింది.

భౌగోళిక స్థితి వైద్యం అందుబాటును కూడా నిర్ణయించింది. 1958లో కాకినాడలో రంగరాయ వైద్యకళాశాల ఏర్పడిన తరువాత కూడా, యానాం–ఎదుర్లంక వంతెన లేని కాలంలో అమలాపురం వైపు రోగి గౌతమిని పంటు మీద దాటాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. ఉబ్బసం ఉధృతమయ్యేది సాధారణంగా అర్ధరాత్రి దాటాక. పంటు నడవని ఆ వేళలో ఊళ్లోని వైద్యుడి సూదిమందే దిక్కు. వంతెనలు, 2005లో మొదలైన 108 సేవలు, అమలాపురంలోనే ఏర్పడిన వైద్యకళాశాల ఈ దూరాన్ని తగ్గించాయి.

5. సమూల నివారణపై ఆశ: చేప ప్రసాదం

తెలుగునేలపై ఉబ్బసం పేరు చెప్పగానే హైదరాబాదులో మృగశిర కార్తె ప్రవేశించే రోజున బత్తిని కుటుంబం పంచే చేప మందు గుర్తుకొస్తుంది. 1845లో ఒక సాధువు తమ పూర్వికుడు వీరన్న గౌడ్‌కు దీని తయారీ తెలిపి, ఉచితంగా ఇవ్వమని ఆదేశించాడని ఆ కుటుంబ కథనం. బతికున్న చిన్న కొర్రమీను నోటిలో పసుపురంగు ముద్ద పెట్టి మింగిస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. వరుసగా మూడేళ్లు తీసుకోవాలని, 45 రోజులు పథ్యం పాటించాలని చెబుతారు. దూద్‌బౌలిలోని ఇంటి వద్ద మొదలైన పంపిణీ జనం పెరగడంతో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి చేరింది. శాస్త్రీయ ఆధారాలు లేవని జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు అభ్యంతరం తెలిపాయి. కాలక్రమంలో ‘మందు’ అన్న మాట పోయి ‘ప్రసాదం’ అన్న మాట స్థిరపడింది.

చరిత్ర విద్యార్థికి ఈ పదమార్పు కీలకమైనది. మందు అంటే రుజువు అడగవచ్చు. ప్రసాదం అంటే విశ్వాసం చాలు. అయితే జనం అంతదూరం ఎందుకు వెళ్తారన్న ప్రశ్నను మూఢనమ్మకం అన్న ఒక్క మాటతో ముగించలేము. ప్రతినెలా మందు కొనలేని కుటుంబానికి ఏడాదికొక్కరోజు ఉచితంగా దొరికే ఆశ విలువైనది. ఉబ్బసం స్వతహాగా ఎక్కువతక్కువలతో సాగే వ్యాధి కావడం వల్ల, ఏది తీసుకున్న తరువాత తగ్గినా దానికే ఆ ఘనత దక్కుతుంది. ప్రమాదం ఆ రోజు మింగిన చేపలో కంటే, ఇక నయమైందని నిత్యం వాడే మందును మానడంలో ఉంది. యాప్యమన్న శాస్త్రనిర్ణయాన్ని మరచి మూలచ్ఛేదాన్ని ఆశించడమే అసలు చిక్కు.

6. పీల్చే మందు: అపోహలు, గుణపాఠాలు

1956లో అమెరికాలోని రైకర్ సంస్థ ఒత్తిడితో మందు చిమ్మే తొలి ఇన్‌హేలర్‌ను విడుదల చేసింది. సంస్థ అధికారి జార్జ్ మేసన్ కుమార్తెకు ఉబ్బసం ఉండటం, మందు వాడుకకు తేలికైన సాధనం ఉంటే బాగుండునని ఆమె అడగటం దీనికి ప్రేరణ. 1969లో సాల్బుటమాల్, 1972లో పీల్చే బెక్లోమెథసోన్ వచ్చాయి. మొదటిది నాళాల బిగువును నిమిషాలలో సడలిస్తుంది. రెండవది లోపలి వాపును మెల్లగా తగ్గిస్తుంది. మొదటిదాని ఫలితం వెంటనే తెలుస్తుంది, రెండవదాని ఫలితం దాడి రాకపోవడంలో తెలుస్తుంది. రాని దాడిని ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి రోగి సహజంగా మొదటిదానినే నమ్ముకుంటాడు.

ఈ నమ్మకం ఎంత ప్రమాదకరమో 1960వ దశకంలో ఇంగ్లండ్, వేల్స్‌లలో తెలిసివచ్చింది. ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్లు విరివిగా అమ్ముడైన సంవత్సరాలలోనే యువ రోగుల ఉబ్బస మరణాలు హఠాత్తుగా పెరిగాయి. 1970వ దశకం చివర న్యూజిలాండ్‌లో ఇటువంటిదే మళ్లీ జరిగింది. 2019లో అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శక సంస్థ జినా, యుక్తవయస్కులు, పెద్దలు ఉపశమన మందును మాత్రమే ఒంటరిగా వాడరాదని, వాపు తగ్గించే మందు తోడుగా ఉండాలని సూచించింది. సుశ్రుతుని ఊతకొయ్య ఉపమానానికి ఈ సూచన ఎంతో దూరంలో లేదు.

భారతదేశంలో ఈ గుణపాఠం ఇంకా ఊళ్లకు చేరలేదు. పన్నెండు కేంద్రాలలో జరిగి 2012లో వెలువడిన జాతీయ అధ్యయనం 15 ఏళ్లు దాటినవారిలో 2.05 శాతం మందికి ఉబ్బసం ఉన్నట్టు అంచనా వేసింది. ప్రపంచ వ్యాధిభార అంచనాల ప్రకారం ఉబ్బస రోగులలో సుమారు 13 శాతం మంది మనదేశంలో ఉండగా, ఉబ్బస మరణాలలో మన వాటా 40 శాతానికి పైగా ఉంది. మందులు దేశంలోనే తయారవుతున్నా ఈ అంతరం ఏర్పడటానికి పేదరికం, ఆలస్యంగా గుర్తించడం, ఇన్‌హేలర్‌పై అపోహలు తోడ్పడుతున్నాయి. పంపు అలవాటైతే మానలేమన్న భయం, అది చివరిదశ మందన్న నమ్మకం, పెళ్లి కావలసిన ఆడపిల్ల సంచిలో అది కనబడకూడదన్న కుటుంబాల జాగ్రత్త వీటిలో ముఖ్యమైనవి. దాచుకొని వాడే మందు క్రమంగా వాడటం సాధ్యం కాదు.

7. నిత్యజీవితంలో యాప్యం

చరిత్ర నుండి నిత్యాచరణకు అందే అంశాలు కొన్నే. వైద్యుడు నిర్ణయించిన వాపు తగ్గించే మందును బాగున్న రోజులలోనూ మానకపోవడం, పంపు మందును గొట్టం వంటి స్పేసర్‌తో పీల్చడం, ఆ తరువాత నోరు పుక్కిలించడం మొదటివి. పరుపు, దిండు గలీబులను వేడినీటితో ఉతికి ఎండబెట్టడం, చెమ్మగోడను బాగుచేయించడం, పొట్టు పనిలో ముక్కుకు రక్షణ, వంటింట పొగ లేకుండా చూడటం తరువాతివి. రాత్రి మెలకువలు పెరగడం, ఉపశమన మందు తరచుగా అవసరం కావడం వ్యాధి అదుపు తప్పుతోందనడానికి గుర్తులు. ఒక వాక్యం పూర్తిగా పలకలేని ఆయాసం, పెదవులు నీలివర్ణం కావడం ఆస్పత్రికి తక్షణం చేరవలసిన సూచనలు.

8. ముగింపు

ఉబ్బస చికిత్సాచరిత్రను అజ్ఞానం నుండి విజ్ఞానానికి సాగిన ఏకముఖ ప్రయాణంగా చూడటం సరికాదు. వ్యాధి స్వభావాన్ని ప్రాచీనులు సరిగా గుర్తించినా తగిన సాధనం వారి చేతిలో లేదు. ఆధునికులకు సాధనం దొరికింది గానీ ఆ స్వభావాన్ని సమాజం మరచిపోయింది. ఈ రెండింటినీ కలపగల మాట యాప్యం. తెలుగు వైద్యవాఙ్మయంలో నిద్రాణంగా ఉన్న ఈ భావనను పాఠశాలలలో, ఆరోగ్య కార్యకర్తల శిక్షణలో తిరిగి వాడుకలోకి తెస్తే, ‘ఇది ఎప్పటికి పోతుంది?’ అని అడిగే రోగికి నిజాయితీగల సమాధానం దొరుకుతుంది. పూర్తిగా పోకపోవచ్చు, అయితే దానితో నిండుజీవితం గడపవచ్చు. కాలువగట్టున చెమ్మగాలిలో పుట్టిపెరిగి, ఆ గాలిని విడిచిపోలేని కోనసీమ రోగికి ఈ సమాధానమే ఎక్కువ అక్కరకు వస్తుంది.